చింతపండు అరుగుల మీద జపాను బొమ్మలు

ఉగాది ఓళిగల తీపి నాలుక మీద ఉండగానే ఎండలు ముదిరాయి. పొద్దున పది దాటితే పెన్న ఇసుకలో కాలు పెట్టలేం. రొద్దంలో ఏ అరుగు మీద చూసినా చింతపండు పనే. ఒకరు పెంకు తీస్తుంటే ఇంకొకరు ఈనెలు లాగుతారు, మూడోవాళ్లు గింజ కొడతారు. సరుకు హిందూపురం మార్కెట్టుకు పోవాలి. అక్కడ కరిపులి రకానికి ఒక ధర, ఫ్లవర్ రకానికి ఇంకో ధర. పనంతా చేతులకే, చెవులకు బోలెడు తీరిక. అందుకే గోడకు ఆనించిన ఫోనులో ఎప్పుడూ ఏదో ఒకటి నడుస్తుంటుంది. ఈమధ్య ఆ ఫోనుల్లో జపాను బొమ్మలు కదులుతున్నాయి కాబట్టి ఈసారి కబుర్లన్నీ వాటి గురించే. రండి, చాప మీద చోటుంది.

ముందు సీజన్ లెక్క తేల్చుకుందాం. జపాను టీవీలో అనిమే కొత్త సీజన్లు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరుల్లో మొదలవుతాయి. మనకు వానొస్తే ఒక పంట, వాళ్లకు ఏటా నాలుగు. ఒక్కో విడతకు పన్నెండు, పదమూడు ఎపిసోడ్లు, వారానికొకటి చొప్పున వస్తాయి. పాటలతో కలిపి ఒక్కోటి ఇరవై నాలుగు నిమిషాలు. మన పరీక్షలు అయ్యేసరికి అక్కడ వసంతం సీజన్ ఊపందుకుంటుంది. పిల్లలకు ఇంతకంటే మంచి ముహూర్తం పెట్టేవాళ్లు లేరు.

ఇక సెలవులకు బెంగళూరు హాస్టళ్ల నుంచి దిగిన కుర్రాళ్లతో బస్టాండు కళకళలాడుతోంది. బ్యాగులో మాసిన బట్టలు, ఫోనులో సీజన్లకు సీజన్లు. వీళ్లందరి నోటా వినిపించేది సోలో లెవెలింగ్. 2024 జనవరిలో వచ్చిన ఈ సీరీస్‌ను అనిమే చూపించే క్రంచీరోల్ యాప్ వాళ్లు తెలుగులోనూ వినిపించారు, అవ్వలకు కూడా కథ అందింది. తీసింది జపానులోనైనా కథ పుట్టింది కొరియాలో. పెనుకొండ దగ్గరి కియా కార్ల కర్మాగారానికి షిఫ్టుకు వెళ్లొచ్చే కుర్రాళ్లు ఈ సంగతి విని "అట్లయితే మా కంపెనీ వాళ్ల కథేనప్పా" అని హక్కు చాటుకున్నారు. నా మాట అడిగితే, మొదటి రెండు ఎపిసోడ్లకు వంక పెట్టలేం. అందరికంటే బలహీనుడైన వేటగాడు రాతి విగ్రహాల మధ్య ఇరుక్కుపోతాడు. అక్కడి నియమం ఏమిటో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. ఆ భయం నిజంగా పట్టుకుంటుంది. తర్వాత అతనికి బలం పెరిగేకొద్దీ ఆ బిగువు సడలింది. గెలుస్తాడని ముందే తెలిసిన పోట్లాటను ఎంత అందంగా గీసినా గుండె దడ రాదు.

షిన్‌చాన్ పేరెత్తితే తల్లులందరికీ ఒకటే బెంగ. వాడి మాట తీరు పిల్లలకు అంటుకుంటుందని. ఆ బెంగకు కారణం ఉంది. షిన్‌చాన్ బొమ్మల కథ 1990లో మొదలైంది పెద్దవాళ్లు చదివే పత్రికలో. అప్పు తీరని ఇల్లు, బాసు చేత తిట్లు తినే నాన్న, ఓపిక చచ్చిన అమ్మ... ఇదంతా పెద్దవాళ్లు చదివి నవ్వుకోవడానికి రాసింది. 1992లో టీవీకెక్కింది. మన దేశానికి 2006లో వచ్చేసరికి పిల్లల చానల్లో చేరింది. 2008లో ప్రభుత్వం ఆపించింది, మరుసటేడు కత్తెరలు పడి తిరిగొచ్చింది. బొమ్మ కనబడితే చాలు పిల్లలదే అనుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. నాన్నలారా, ఒకరోజు పిల్లల పక్కన కూర్చుని చూడండి. ఆ ఇంటి ఖర్చుల గోల మీకే ఎక్కువ అర్థమవుతుంది.

అన్నట్టు, బొమ్మలు పెద్దవాళ్లవి కూడా అని మనకు వేరే ఎవరో వచ్చి చెప్పాలా? ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఊళ్లో ఒక బొమ్మను చేతికిచ్చినప్పుడు దగ్గరగా పెట్టుకుని చూడండి. మేకతోలును వెలుతురు పారేంత పల్చగా గీకి, ఎండబెట్టి, గీత గీసి, రంగులు రెండువైపులా అద్దుతారు. తర్వాత చిన్న ఉలులతో తోలంతా చిల్లులు కొడతారు. పగలు చూస్తే వట్టి చిల్లులే. తెర వెనక దీపం వెలిగిందంటే ప్రతి చిల్లూ నగలో రాయై మెరుస్తుంది. సీతమ్మ మెడలో హారం, రావణుడి పది కిరీటాలు, అన్నీ ఆ చిల్లుల్లోంచి వచ్చిన వెలుతురే. భుజం దగ్గర, మోచేతి దగ్గర దారంతో అతుకులు ఉంటాయి. నడుమ ఒక బద్ద, చేతులకు చెరో పుల్ల. యుద్ధం వచ్చిందంటే ఆడించేవాళ్లు కాళ్ల కింద చెక్కపలకలను దబదబా తొక్కుతారు. చప్పుడుకు నిద్రపోతున్న వాళ్లు కూడా లేచి కూర్చోవాల్సిందే.

ఆ ఆటలో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఉంటారు. రాముడు అడవిలో ఉన్నా, లంక తగలబడుతున్నా వీళ్లు మధ్యలో దూరి మొగుడూపెళ్లాల తగాదా పెట్టుకుంటారు. మోటు సరసం ఆడతారు, ఊరి పెద్దను వెక్కిరిస్తారు. ఆట రాత్రంతా సాగుతుంది, పిల్లలు తల్లుల ఒళ్లో నిద్రపోయాక మాటలు ఇంకాస్త ముదురుతాయి. అమెరికావాళ్లు 1989లో సింప్సన్స్, 1997లో సౌత్ పార్క్ మొదలుపెట్టి, పెద్దల కోసం బొమ్మలతో వెటకారం చేయొచ్చని చూపించారు. మన బంగారక్క ఆ పని ఆముదం దీపాల కాలంలోనే చేసింది. ఈ ప్రాంతంలో పుట్టి 'బొమ్మలు చిన్నపిల్లలవి' అనేవాళ్లకు నేను నిమ్మలకుంట దారి చూపిస్తాను. ఇప్పుడు అక్కడ రాత్రి ఆటల కంటే దీపాల తొడుగులు, గోడ బొమ్మలే ఎక్కువ అమ్ముడవుతాయి. అవి కొనండి, మంచిదే. కానీ ఊరి జాతరలో ఆర్కెస్ట్రాకు ఇచ్చే డబ్బులో కొంత పక్కన పెట్టి ఒక రాత్రి ఆట కూడా పెట్టించండి.

ఇక పట్టుపురుగులు పెంచే ఇళ్లకు వెళ్దాం. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడిచే దశ, దాటిన పురుగు ఆకు తినే చప్పుడు విన్నారు కదా, వాన పడుతున్నట్టే ఉంటుంది. ఆ వారం రోజులూ ఇంట్లో ఎవరికీ సరైన నిద్ర ఉండదు. రాత్రి మేపు వేసి, మళ్లీ వేసే దాకా కాలక్షేపం కావాలి. ఆ గదుల్లో ఈమధ్య ఫ్రీరెన్ అనే అనిమే నడుస్తోంది. తెల్ల గూళ్లు కట్టే బైవోల్టిన్ రకాన్ని 1990లలో దక్షిణాది రైతులకు దగ్గర చేసినప్పుడు జపాను సాంకేతిక సాయం అందింది. అంటే మన పట్టుగదికి, జపానుకు చుట్టరికం పాతదే, బొమ్మలు తర్వాత వచ్చాయి.

ఫ్రీరెన్ మొదటి సీజన్ 2023 సెప్టెంబరు చివర్లో మొదలైంది, ఇరవై ఎనిమిది ఎపిసోడ్లు. మొదటి ఎపిసోడ్ గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. రాక్షసరాజును చంపడానికి పదేళ్లు తిరిగిన నలుగురు ఊరికి తిరిగొస్తారు. మామూలుగా కథ ముగిసే చోట ఇది మొదలవుతుంది. నలుగురిలో ఫ్రీరెన్ అనే అమ్మాయికి వెయ్యేళ్లకు మించిన ఆయుష్షు. ఆ రాత్రి ఉల్కలు రాలుతుంటే, యాభై ఏళ్లకు మళ్లీ కలిసి చూద్దాం అంటుంది, వచ్చే వారం సంతలో కలుద్దాం అన్నంత తేలిగ్గా. ఆ యాభై ఏళ్లు తెర మీద కొద్దిసేపట్లో అయిపోతాయి. ఏ హడావుడీ లేదు, ఏడుపు సంగీతం లేదు. తిరిగొచ్చేసరికి వీరుడు బట్టతల ముసలాయన. అన్న మాట ప్రకారం ఉల్కలు చూస్తారు, కొన్నాళ్లకు ఆయన పోతాడు. అంత్యక్రియల దగ్గర ఈమె కళ్లు చెమర్చలేదని జనం గుసగుసలాడతారు. అప్పుడు ఏడుస్తుంది, పదేళ్లు పక్కనే నడిచినా ఈ మనిషిని తెలుసుకోవాలని ఎందుకు అనుకోలేదా అని. పురుగులకు ఆకు పరుస్తూ సగం సగం చూస్తున్న ఒక అవ్వ "పక్కనున్నప్పుడు ఎవరడుగుతారులే అమ్మా" అని మళ్లీ ఆకు అందుకుంది. ఇరవై పేరాల సమీక్ష రాసినా అంతకంటే బాగా చెప్పలేం.

ఇంకో సీరీస్ మన రైతు ఇళ్లకు తప్పకుండా చేరాలి. సిల్వర్ స్పూన్. 2013లో పదకొండు, 2014లో మరో పదకొండు ఎపిసోడ్లు. రాసిన హిరోము అరకావా హొక్కైదోలో పాడి రైతుల ఇంట్లో పుట్టిన మనిషి. ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ రాసింది కూడా ఈవిడే. మార్కుల పోటీకి భయపడి పారిపోయిన పట్నం పిల్లవాడు హచికెన్ వ్యవసాయ బడిలో చేరతాడు. తెల్లవారుజామున లేవడం, కోడిగుడ్డు ఎక్కడినుంచి వస్తుందో చూసి మొహం పెట్టడం, ఆ తర్వాత దాని రుచికి దాసోహం అనడం, అన్నీ సరదాగా ఉంటాయి. అసలు సంగతి పందిపిల్లది. ఈతలో అన్నిటికంటే బక్కపిల్లను హచికెన్ చేరదీస్తాడు. పేరు పెట్టొద్దు, తర్వాత బాధపడతావ్ అని తోటిపిల్లలు చెప్పినా వినకుండా, పందిమాంసం వేసిన అన్నానికి జపానులో ఉన్న పేరే పెడతాడు. అది పెరుగుతుంది, వెళ్లాల్సిన చోటికి వెళుతుంది. వాడు దాని మాంసమంతా తనే కొని, ఉప్పు పట్టించి, పొగబెట్టి, అందరికీ వండిపెడతాడు. ఎపిసోడ్ ఎక్కడా పాఠం చెప్పదు. వాడు తింటాడు, బాగుందంటాడు, అంతే. జాతరకని పొట్టేలును పెంచిన ఇంట్లో పిల్లలు దానికి ముద్దుపేరు పెట్టిన ఏడు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. నేను చూసిన బొమ్మల సీరీసుల్లో రైతు ఇంటి మనసు ఇంత సరిగ్గా పట్టుకున్నది ఇంకోటి లేదు. తెలుగు మాటలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్నాను. అందాకా సబ్‌టైటిల్ చదివి అవ్వకు వినిపించే మనవడు ఇంటికొకడు కావాలి.

అన్నట్టు, సమీక్షలు చెప్పే కుర్రాళ్లకు ఒక మాట. సాయంత్రం టీ అంగడి దగ్గర ఉగ్గాని బజ్జీ తింటూ మీరు చెప్పేది వింటూనే ఉంటాం. వాడొచ్చాడు, వీణ్ని కొట్టాడు, ఇంకొకడు చచ్చాడు అని కథంతా ఒప్పజెప్పేస్తారు. కథ మేమూ చూస్తాం కదప్పా! ఆ ఎపిసోడ్ ఎట్లా చేశారో చెప్పండి. అనిమేలో ప్రతి ఎపిసోడ్‌కూ విడిగా ఒక దర్శకుడు, స్టోరీబోర్డు గీసేవారు, చిత్రాలు సరిదిద్దేవారు ఉంటారు. ఒకే సీరీస్‌లో పోయిన వారం మెరిసిపోయి ఈ వారం చప్పగా ఉండటానికి సగం కారణం అదే. చివరి పాట వచ్చీరాగానే దాటేయకండి, పేర్లన్నీ అక్కడే ఉంటాయి.

డీమన్ స్లేయర్ సంగతే చూడండి. 2019 ఆగస్టులో పందొమ్మిదో ఎపిసోడ్ వచ్చాక ఆ సీరీస్ జాతకమే మారిపోయింది. నిప్పు, నీళ్లు, పాట, చెల్లెలు, అన్నీ ఒకే చోట కలిసిన ఎపిసోడ్ అది. వన్ పీస్ 1999 నుంచి నడుస్తోంది, ఎపిసోడ్లు వెయ్యి దాటాయి. 2022లో మెగుమి ఇషితాని చేసిన 1015వ ఎపిసోడ్ చూస్తే అన్నేళ్ల సీరీస్ కొత్తగా పుట్టినట్టుంటుంది. వెయ్యి ఎపిసోడ్లూ చూసే ఓపిక లేనివాళ్లు కూడా ఆ ఒక్కటి చూసి వెలుతురు ఎట్లా గీశారో గమనించండి. ఇక నరుటో షిప్పూడెన్ 167 మీద తగవు ఎప్పటికీ తెగదు. మొహాలు సాగదీసి, ఒళ్లు రబ్బరులా వంచి గీశారని సగం మందికి కోపం. నాకు మాత్రం అది నచ్చింది. మనిషి కోపంతో ఒళ్లు మరిచినప్పుడు గీత కూడా అదుపు తప్పాలి. తోలుబొమ్మ కూడా యుద్ధంలో నిటారుగా నిలబడదు కదా.

ఇంకో చిన్న లెక్క. సినిమాలో సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. టీవీ అనిమేలో అన్నిటికీ కొత్త బొమ్మ గీయరు, ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలుపుతారు. 1963లో ఆస్ట్రో బాయ్‌ను వారం వారం టీవీకి అందించడానికి ఒసాము తెజుకా బృందం ఇట్లాంటి పొదుపులు ఎన్నో చేసింది. ఆ పొదుపులోంచే ఈ కళకు తనదైన నడక వచ్చింది. అయితే పొదుపు వేరు, మనిషిని అరగదీయడం వేరు. 2023లో జుజుట్సు కైసెన్ రెండో సీజన్ నడుస్తుండగా, అందులో పనిచేసిన చిత్రకారుల్లోనే కొందరు గడువుల ఒత్తిడి గురించి బయటికి చెప్పుకున్నారు. ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పెళ్లిళ్ల సీజన్‌కు చీర అందించేవాళ్లకు ఆ గడువు సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఈ వారం ఎపిసోడ్ ఆలస్యమైందని తిట్టేవాళ్లు ఒకసారి ఆలోచించండి.

పెద్దల బొమ్మల్లోకి కొత్తగా వెళ్లాలనుకునేవాళ్లకు బోజాక్ హార్స్‌మన్ చెబుతాను. 2014 నుంచి 2020 దాకా నెట్‌ఫ్లిక్స్‌లో ఆరు సీజన్లు వచ్చింది. గుర్రం మొహం ఉన్న ఒక పాత టీవీ నటుడి కథ. మొదటి కొన్ని ఎపిసోడ్లు సాదాగా ఉంటాయి, ఓపిక పట్టండి. ఐదో సీజన్ ఆరో ఎపిసోడ్‌లో అతను తల్లి అంత్యక్రియల దగ్గర నిలబడి మాట్లాడతాడు. ఇంచుమించు ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ప్రసంగమే. ప్రేమగా చూడని తల్లి గురించి కొడుకు ఏం మాట్లాడగలడు? నవ్విస్తాడు, తప్పించుకుంటాడు, మళ్లీ అక్కడికే వస్తాడు. చివర ఏమవుతుందో చెప్పను, చెప్పినవాళ్ల పక్కన కూర్చోకండి. మూడో సీజన్లో దీనికి పూర్తిగా ఎదురు ఎపిసోడ్ ఒకటుంది. నీళ్ల అడుగున జరుగుతుంది, మాటలు దాదాపు లేవు. భాష రాని తాతలు కూడా హాయిగా చూడొచ్చు.

ఇళ్లలో రిమోట్ గొడవలకు మందు తెర మీదే ఉంది. 2021 నియమాల తర్వాత ఓటీటీల్లో ప్రతి కార్యక్రమానికీ యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అని గుర్తు వేస్తున్నారు. బొమ్మ ముద్దుగా ఉందని మోసపోకుండా ఆ గుర్తు చూడండి. 13+, ఆపై గుర్తులున్న వాటికి తాళం వేసే ఏర్పాటు కూడా ఉంటుంది. గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్ లాంటివి మాత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడాలి, ఒంటరిగా వదలకూడదు. 1988లో ఇసావో తకహాతా తీసిన సినిమా అది. యుద్ధంలో అమ్మను పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్ల ఆకలి కథ. అయిపోయాక మాట్లాడుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉండాలి.

ఇక శ్రీరామనవమి పందిళ్లు లేచాయి. పానకం, వడపప్పు మామూలే. సాయంత్రం తెర కట్టే అలవాటున్న చోట్ల జపాను, ఇండియా కలిసి తీసిన రామాయణం వేస్తే బాగుంటుంది. యుగో సాకో, మన రామ్‌మోహన్, కొయిచి ససాకి కలిసి 1990ల మొదట్లో చేసిన అనిమే. 2025 జనవరిలో తెలుగుతో సహా మళ్లీ థియేటర్లకు వచ్చింది. అందులో జటాయువు పోట్లాట వచ్చినప్పుడు మనవాళ్లకు పులకింత ఎక్కువే ఉంటుంది. ఆ పక్షి కూలింది మన లేపాక్షిలోనే అని చిన్నప్పటి నుంచీ విన్నాం కదా. లేపాక్షి వెళితే వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి తిరిగొచ్చేయకండి. తలెత్తి మండపం కప్పు చూడండి. పదహారో శతాబ్దపు చిత్రకారులు కిరాతార్జునీయాన్ని ఘట్టం తర్వాత ఘట్టంగా పరిచారు. నడుస్తూ చూస్తే కథ ముందుకు కదులుతుంది. మెడ నొప్పికి ఇంటికొచ్చాక అవ్వ నూనె రాస్తుంది.

కదిరి నరసింహస్వామి తిరునాళ్లకు వెళ్లొచ్చిన వాళ్ల నోట మహావతార్ నరసింహ మాట ఇంకా వినబడుతోంది. 2025 జులైలో వచ్చిన ఈ బొమ్మల సినిమాకు తాతలు మనవల్ని తీసుకెళ్లారా, మనవలు తాతల్నా అన్నది ఇప్పటికీ తేలలేదు. హైదరాబాదులో 2008 నుంచి ఛోటా భీమ్‌ను తయారుచేస్తున్న చోటునుంచి, ఈ చుట్టుపక్కల నుంచి, పెద్దలు వారం వారం ఎదురుచూసే తెలుగు బొమ్మల సీరీస్ ఒకటి రావాలని నా కోరిక. కరువు, వలస, కియా షిఫ్టులు, మగ్గం, బంగారక్క నోరు... సరుకు చేతినిండా ఉంది. గీసేవాళ్లు కావాలి.

ఉరుములు మొదలయ్యే రోజులు. గాలి కాస్త గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, దానితో సిగ్నలూ పోతుంది. ముందే దించి పెట్టుకోవడానికి ముషిషీ అనే అనిమే మంచిది. 2005లో మొదలైంది, ఇరవై ఆరు ఎపిసోడ్లు, దేనికదే విడి కథ. మధ్యలో ఒకటి తప్పినా నష్టం లేదు. వచ్చేసారి దాని గురించే మాట్లాడుకుందాం. మూడు నాలుగు చూసి రండి, వచ్చేటప్పుడు ఊరిబిండి కాస్త ఎక్కువ నూరి తెండి, సంగటి ఇక్కడ కెలుకుతాం.